పిప్పరమెంటు వైద్యం రాసేముందు మొక్క ఏదో చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

వానలు మొదలయ్యాయంటే పత్రికల ఆరోగ్యం పేజీల్లో పిప్పరమెంటు చిట్కాలు వరసగా వస్తాయి. అజీర్తికి నాలుగు ఆకులు, తలనొప్పికి రెండు చుక్కలు, జలుబుకు ఆవిరి అని రాస్తారు. చిట్కాలో చెప్పే గుణాలు ఒక మొక్కవి. పాఠకులు రైతుబజారులో కొనుక్కొచ్చే కట్ట వేరే మొక్క. మందుల షాపులో ఆ పేరుతో దొరికే నూనె చాలాసార్లు మూడో మొక్కది. మూడూ దగ్గరి చుట్టాలే అయినా వాటిలో ఉన్న సరుకు వేరు, మోతాదు వేరు, ఎవరు వాడకూడదన్నదీ వేరు. ఔషధ మొక్కలు పెంచడం, గుర్తించడం, ఆరబెట్టడం మా పని కాబట్టి ఆ తేడాలను వివరంగా రాస్తున్నాం. ఉత్తరం పొడుగైనా కుదించకుండా వేయమని కోరుతున్నాం, ఎందుకంటే ఇందులో తీసేసే అంకె ఏదైనా ఎవరికో ఒకరికి అవసరమయ్యేదే.

మెహదీపట్నం రైతుబజారులోనైనా, సికింద్రాబాద్ మోండా మార్కెట్‌లోనైనా కట్టలుగా అమ్మే వంట పుదీనా ఎక్కువగా మెంథా స్పైకేటా, అంటే స్పియర్‌మింట్. దీని తియ్యటి పరిమళం కార్వోన్ అనే పదార్థానిది. చలువనిచ్చే మెంథాల్ ఇందులో నామమాత్రం. బిర్యానీకి పనికొచ్చేది ఇదే. మెంథాల్ ఎక్కువున్న పుదీనా వేస్తే హండీ అంతా చేదెక్కి, తిన్నాక నోట్లో చలువ మందు రుచి మిగులుతుంది. అసలు పిప్పరమెంటు మెంథా పైపెరిటా. నీటి పుదీనాకూ స్పియర్‌మింట్‌కూ పుట్టిన సంకరమిది. 17వ శతాబ్దం చివర ఇంగ్లండ్‌లో దీన్ని వేరే మొక్కగా గుర్తించారు, 1753లో వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ ఈ శాస్త్రీయ నామం పెట్టాడు. దీని నూనెలో మెంథాల్ సుమారు 30 నుంచి 55 శాతం, మెంథోన్ 14 నుంచి 32 శాతం ఉంటాయి. మూడోది మెంథా ఆర్వెన్సిస్, జపాన్ పుదీనా అంటారు. ఉత్తరప్రదేశ్‌లో బారాబంకీ, సంభల్, బదాయూ వైపు రైతులు విస్తారంగా వేసే పంట. దీని నూనెలో మెంథాల్ 70 శాతం దాటుతుంది. బేగంబజారులో దొరికే సూదుల్లాంటి పిప్పరమెంటు పువ్వు, అంటే మెంథాల్ స్ఫటికాలు, దాదాపుగా ఈ నూనెను చల్లార్చి తీసినదే.

ఈ తేడా ఎంతవరకు పోతుందో ఒక ఉదాహరణ చాలు. పీసీఓఎస్ అనే హార్మోన్ల సమస్య ఉన్న ఆడపిల్లల్లో అవాంఛిత రోమాల మీద తుర్కియేలోనూ బ్రిటన్‌లోనూ జరిగిన పరిశీలనలు, 2007లో ఒకటి, 2010లో ఒకటి, స్పియర్‌మింట్ టీ మీద జరిగాయి. రోజుకు రెండు కప్పులు తాగించి హార్మోన్లు కొలిచారు. ఆ ఫలితాన్ని మన పత్రికల్లో పిప్పరమెంటు ఖాతాలో వేసేశారు. అటు ఐబీఎస్ అనే పేగుల రుగ్మతకు మేలు చేస్తుందని తేలింది పిప్పరమెంటు నూనె. దాన్ని వంట పుదీనా పచ్చడికి అంటగట్టారు. రెండువైపులా పాఠకులే నష్టపోయారు.

ఇక మొక్కను పోల్చుకోవడం. కాండం నలుపలకలుగా ఉంటే పుదీనా అని చాలామంది నమ్మకం. తులసి, రుద్రజడ, మరువం కాండాలూ నలుపలకలే. ఆ ఆనవాలు కుటుంబాన్ని చెబుతుందే తప్ప మొక్కను చెప్పదు. ముందు ఆకు తొడిమ చూడండి. వంట పుదీనాలో ఆకు తొడిమ లేకుండా, లేదా ఉందా లేదా అన్నంత పొట్టిగా, కాండానికి అంటుకుని ఉంటుంది. పిప్పరమెంటులో అర సెంటీమీటరు నుంచి ఒక సెంటీమీటరు దాకా స్పష్టమైన తొడిమ కనిపిస్తుంది. ఆకు 4 నుంచి 9 సెంటీమీటర్ల పొడవు, ముదురు ఆకుపచ్చ, అంచున రంపపు పళ్ళు, ఈనెల్లో ఎరుపు జీర. వంట పుదీనా ఆకు మీద ఈనెలు లోపలికి దిగి ముడతలు పడినట్టుంటుంది, పిప్పరమెంటు ఆకు అంతకంటే నునుపు.

తొడిమ ఒక్కటే చూసి తేల్చేస్తే పొరపాటు, ఎందుకంటే జపాన్ పుదీనాకూ తొడిమ ఉంటుంది. అక్కడ నూగు చూడాలి. జపాన్ పుదీనా కాండం మీదా ఆకు మీదా నూగు చేతికి తెలుస్తుంది, ఆకు రంగు కాస్త లేతగా ఉంటుంది. పిప్పరమెంటు ఇంచుమించు నూగు లేని మొక్క. పూలు వచ్చాయా, సందేహమే ఉండదు: పిప్పరమెంటుకు కొమ్మ చివర మొద్దుగా ఊదా గులాబీ కంకి, వంట పుదీనాకు కొమ్మ చివరే సన్నటి పొడుగాటి లేతరంగు కంకి, జపాన్ పుదీనాకు కొమ్మ పొడుగునా ఆకుల చంకల్లో గుత్తులు. అయితే హైదరాబాద్‌లో పిప్పరమెంటు పూత అరుదు. అది బాగా పూయాలంటే పగలు 14, 15 గంటలు ఉండాలి. మనకు జూన్‌లో కూడా 13 గంటలకు కొంచెం ఎక్కువే. కాబట్టి ఇక్కడ ఆకు, నూగు, వాసనలే దిక్కు.

కాండం ఊదాగా ఉంటే పిప్పరమెంటే అని నర్సరీల్లో చెబుతారు. మంచి ఆనవాలే, కానీ ఒక్కదాన్నే నమ్మకూడదు. డిసెంబరు చలికీ, మిట్టమధ్యాహ్నపు ఎండకూ వంట పుదీనా కాండం కూడా ఎరుపెక్కుతుంది.

చివరి పరీక్ష నాలుకది. ఒక ఆకు నమిలి నోటితో గాలి లోపలికి పీల్చండి. పిప్పరమెంటైతే మొదట మిరియం లాంటి ఘాటు, ఆ వెంటనే గొంతుదాకా చల్లదనం. వంట పుదీనాలో పరిమళం ఉంటుంది, ఈ చలువ ఉండదు. జపాన్ పుదీనా చలువతోపాటు గరుకైన చేదు ఇస్తుంది. నిజానికి నోరేమీ చల్లబడదు. చల్లదనాన్ని పసిగట్టే నాడీ గ్రాహకం టీఆర్‌పీఎం8ను మెంథాల్ తట్టి లేపుతుంది, మెదడు దాన్ని చలిగా లెక్కేస్తుంది. ఈ గ్రాహకాన్ని 2002లో కనుగొన్నారు. శరీరం వేడినీ స్పర్శనూ ఎలా గ్రహిస్తుందో తేల్చినందుకు 2021లో వైద్యశాస్త్ర నోబెల్ పొందిన డేవిడ్ జూలియస్, ఆర్డెమ్ పటపూటియన్ ఇద్దరూ మెంథాల్‌తోనే దాన్ని పట్టుకున్నారు. ఈ సంగతి కింద ముక్కు దిబ్బడ దగ్గర మళ్ళీ పనికొస్తుంది.

నమిలి చూసేముందు ఒక జాగ్రత్త. నర్సరీల్లో విక్స్ మొక్క అని అమ్మేదానికి గుండ్రటి, దళసరి, మెత్తటి నూగు ఆకులుంటాయి. తాకితే చాలు, ఘాటు వాసన. అది పుదీనా జాతి కాదు, లోపలికి తీసుకునేదీ కాదు. వామాకు, అంటే కర్పూరవల్లి, తినదగినదే గానీ దాని ఘాటు వేరే పదార్థాలది; పిప్పరమెంటు మోతాదులు దానికి వర్తించవు. ఆకు గుజ్జుగా, వంచితే పుటుక్కున విరిగేలా ఉంటే అది పుదీనా కాదని పక్కన పెట్టేయవచ్చు.

పిప్పరమెంటు విత్తనాలని రంగుల పొట్లాలు ఆన్‌లైన్‌లో కొనకండి. ఇది సంకర మొక్క, గొడ్డు మొక్క. పూసినా మొలకెత్తే గింజ కట్టదు. ఎప్పుడో ఒకటీ అరా కట్టినా అది తల్లిలా ఉండదు. ఆ పొట్లాల్లోంచి ఏదైనా మొలిస్తే అది ఏ పుదీనాయో ఎవరూ చెప్పలేరు. అసలు మొక్కను కాండం ముక్కతోనో, నేలలో పాకే వేరు పిలకతోనో మాత్రమే తెచ్చుకోవాలి.

మన ఊళ్ళో నాటడానికి అక్టోబరు, నవంబరు నెలలు మేలు. మూడు నాలుగు కణుపులున్న 10 సెంటీమీటర్ల ముక్క కోసి, కింది రెండు కణుపుల ఆకులు తీసేసి, నీళ్ళలో పెడితే వారం పది రోజుల్లో వేళ్ళు వస్తాయి. కుండీ లోతు ఎనిమిది అంగుళాలు చాలు, వెడల్పు మాత్రం పన్నెండుకు తగ్గకూడదు. పిలకలు పక్కలకు పాకుతాయి, ఇరుకైతే నడుమ బోసిపోయి అంచుల్లోనే పచ్చగా ఉంటుంది. ఎర్రమట్టి రెండు పాళ్ళు, వర్మీకంపోస్టు ఒక పాలు, ఇసుక ఒక పాలు కలపండి. వట్టి నల్లరేగడి నీరు పట్టుకుని వేళ్ళు కుళ్ళిస్తుంది. బోరు నీళ్ళు సున్నం ఎక్కువగా ఉన్నవైతే లేతాకులు ఈనెలు పచ్చగానే ఉండి మధ్యభాగం పసుపెక్కుతాయి. అది నీటి కొరత కాదు, ఇనుము అందకపోవడం. నల్లా నీళ్ళకో వాననీళ్ళకో మారితే కొత్త ఆకులు కుదుటపడతాయి. మార్చి నుంచి జూన్ మొదటి వానల దాకా సగం ఎండను ఆపే షేడ్ నెట్ కింద ఉంచాలి. ఉదయపు ఎండ తగిలి మధ్యాహ్నం నీడ పడే తూర్పు బాల్కనీ అయితే నెట్ అక్కర్లేదు.

ఇంకో మాట నిజాయితీగా చెప్పాలి. పగటి నిడివి తక్కువైన చోట, రాత్రులు వేడిగా ఉన్న చోట పిప్పరమెంటులో మెంథాల్ తగ్గి పులెగోన్, మెంథోఫ్యూరాన్ అనే పదార్థాలు పెరుగుతాయి. పులెగోన్ ఎక్కువైతే కాలేయానికి మంచిది కాదు. అందుకే నూనె విషయంలో ఔషధ ప్రమాణాలు దానికి హద్దు పెట్టాయి. కుండీలో పెంచిన ఆకుతో అప్పుడప్పుడు ఒక కప్పు టీ కాచుకుంటే దీనివల్ల భయం లేదు. అదే ఆకును కిలోల లెక్కన బట్టీలో పెట్టి నూనె తీసి ఇంట్లో తాగడం మాత్రం వద్దు.

ఆకు అడుగున కెంపు రంగు పొడి మచ్చలు వస్తే తుప్పు తెగులు. మచ్చలున్న ఆకులు ఏరేస్తే పోదు. మొక్కను నేల మట్టానికి కోసి, కోసినదంతా బయట పారేసి, కొత్త చిగురు రానివ్వాలి. వేసవిలో ఆకు మీద సన్నటి తెల్ల చుక్కలు, అడుగున సాలెగూడు లాంటి దారాలు కనిపిస్తే ఎర్రనల్లి. రోజూ పొద్దున ఆకు అడుగుకు నీళ్ళు బలంగా కొడితే అదుపులోకి వస్తుంది. మొక్క లోపలికి ఇంకే పురుగుమందులు మాత్రం కొట్టకండి. ఈ ఆకు కడిగితే పోయే కూర కాదు, మందుగా తాగేది.

కోత ఎప్పుడన్నది నూనె ఎక్కడుందో తెలిస్తే అర్థమవుతుంది. పదిరెట్లు పెద్దగా చూపే భూతద్దంతో ఆకు అడుగు చూస్తే పసుపుపచ్చగా మెరిసే చుక్కలు కనిపిస్తాయి. అవే నూనె తిత్తులు. పైపొర మీద బుడగల్లా ఉంటాయి కాబట్టి వేలితో రుద్దినా పగిలిపోతాయి. పూమొగ్గ తొడిగేటప్పుడు కోయమని పుస్తకాల మాట. మనకు పూత లేదు కనుక కొమ్మ అడుగు ఎత్తు పెరిగి, కింది ఆకులు ఇంకా పసుపెక్కకముందు కోయాలి. మంచు ఆరాక, ఎండ ముదరకముందు కోయండి. నేల నుంచి రెండు కణుపులు వదిలితే మళ్ళీ చిగురిస్తుంది.

ఆరబెట్టడంలోనే ఎక్కువమంది మందును పోగొట్టుకుంటారు. మేడమీద ఎండలో వేస్తే ఆకు ఒక్కరోజులో గలగలలాడుతుంది, రంగూ నూనే కూడా పోతాయి. నీడలో, గాలి ఆడేచోట, పల్చటి బట్ట మీద ఒకే వరసగా పరచి, ఫ్యాను నేరుగా కాకుండా గదిలో గాలి తిరిగేలా వేసి మూడు నుంచి ఐదు రోజులు ఉంచాలి. వేడి 40 డిగ్రీలు దాటకూడదు. హైదరాబాద్‌లో దీనికి నవంబరు నుంచి మార్చి దాకా మంచి కాలం. జులై, ఆగస్టు ముసురులో ఆరబెడితే పైకి ఎండినట్టే ఉండి డబ్బాలో బూజు పడుతుంది. ఆకు నలిగితే చాలదు, సన్న కాడ కూడా టక్కున విరగాలి. అప్పటిదాకా డబ్బాలో పెట్టొద్దు. ఐదారు కిలోల పచ్చి ఆకుకు కిలో ఎండాకు వస్తుంది. పొడి చేయకుండా ఆకును ఆకుగానే గాజు సీసాలో బిగించి చీకట్లో ఉంచి, వాడే పూట మాత్రమే నలపాలి. పొడి చేసి దాస్తే తిత్తులు పగిలి నెలల్లోనే గడ్డి వాసన వస్తుంది. ఆకుగా దాచినదైనా ఏడాది దాటితే వాడకండి.

ఇప్పుడు మోతాదు. యూరప్ ఔషధ సంస్థ ఆకు టీకి ఒప్పుకున్న లెక్క పెద్దవాళ్ళకు పూటకు 1.5 నుంచి 3 గ్రాముల ఎండాకు, 150 మిల్లీలీటర్ల నీళ్ళకు, రోజుకు మూడుసార్లు. ఇది అజీర్తికీ కడుపు ఉబ్బరానికీ. మన చిట్కాల్లో ఒక చెంచా అని రాస్తారు. నలిపిన ఎండు పుదీనా ఒక టీస్పూను తూచి చూడండి, సుమారు అర గ్రాము తూగుతుంది. అంటే మూడు టీస్పూన్లు వేస్తేగాని కనీస మోతాదు రాదు. పచ్చి ఆకైతే 8 నుంచి 10 గ్రాములు, పిడికెడు. గ్లాసులో నాలుగు ఆకులు వేస్తే వాసనకు పనికొస్తుంది, కడుపుకు కాదు. వారం రోజులు మూడు పూటలా తాగాలంటే 30 గ్రాముల పైచిలుకు ఎండాకు, అంటే 160 నుంచి 190 గ్రాముల పచ్చి ఆకు కావాలి. ఒక్క కుండీ అంత ఇవ్వదు. ముందే ఎండబెట్టి దాచుకోవాలి.

కాచే పద్ధతి తప్పితే మోతాదు సరిగ్గా తూచినా వృథా. మనకు అన్నిటినీ సలసల మరిగించడం అలవాటు, పైగా పాలు పోసి. నూనె ఆవిరితో ఎగిరిపోయేది కాబట్టి వంటిల్లు గుమగుమలాడిందంటే మందు గాలిలో కలిసిందన్నమాట. నీళ్ళు మరిగాక పొయ్యి ఆపి, నలిపిన ఆకు మీద పోసి, బిర్యానీకి దమ్ పెట్టినంత శ్రద్ధగా మూత బిగించి ఐదు నుంచి పది నిమిషాలు ఉంచండి. మూత తీసేటప్పుడు దాని అడుగున పట్టిన చుక్కల్ని కప్పులోకే వంచండి, వాటిలో నూనె ఉంటుంది. వడకట్టి వేడిగా తాగాలి. పాలు వద్దు, చక్కెర వద్దు. తేనె కావాలంటే గోరువెచ్చనయ్యాక.

పచ్చి రసం పిండి తాగే అలవాటు వానాకాలంలో మానుకోవాలి. మూసీ దిగువన మురుగు కలిసిన నీళ్ళతో ఆకుకూరలు పండించడం కొత్త సంగతి కాదు. కట్ట ఏ మడిలోదో కొనేవాళ్ళకు తెలిసే దారి లేదు. పుదీనా నేలకు అంటుకుని పెరుగుతుంది, కింది ఆకులకు మట్టి పడుతుంది. వేళ్ళు, కింది రెండంగుళాల కాడ కోసి పారేసి, గిన్నెలో ముంచి మూడు నాలుగు నీళ్ళు మార్చి కడిగినా పచ్చి రసానికి పూచీ లేదు. మరిగే నీళ్ళు పోసి తీసిన టీ అంతకంటే ఎంతో నయం.

భోజనంతోపాటు ఈ టీ తాగకండి. అన్నంలో, ఆకుకూరల్లో, పప్పుల్లో ఉన్న ఇనుము ఒంటికి పట్టకుండా అడ్డుపడుతుంది. 1999లో అచ్చయిన ఒక పరిశోధనలో బ్రెడ్డు భోజనంతో పిప్పరమెంటు టీ తాగినప్పుడు ఇనుము శోషణ 84 శాతం తగ్గింది. నల్ల టీకి దరిదాపుల్లో ఉన్న అంకె అది. మన ఇళ్ళలో ఎంతమంది ఆడవాళ్ళు రక్తహీనతతో ఉన్నారో తెలిసిందే. తిన్న తర్వాత గంట ఆగి తాగడం మంచిది. ఐరన్ మాత్రలు వేసుకునేవాళ్ళు రెండు గంటల ఎడం పాటించాలి.

కడుపు కండరాల్ని సడలించే గుణమే ఈ మొక్క బలం, అదే దీని చిక్కు. పేగుల్లో పట్టేసినట్టుండే నొప్పి, గ్యాసు దీనితో తగ్గుతాయి. కానీ అన్నవాహిక చివర ఆమ్లం పైకి రాకుండా మూసి ఉంచే కండరాన్నీ ఇది వదులు చేస్తుంది. గుండెల్లో మంట, పుల్లటి తేన్పులు ఉన్నవాళ్ళు అజీర్తి అనుకుని ఇది తాగితే మంట రెట్టింపవుతుంది. బిర్యానీ తిన్న రాత్రి పిప్పరమెంటు టీ తాగి పడుకోమనే చిట్కా అలాంటివాళ్ళకు శిక్షే. పిత్తాశయంలో రాళ్ళున్నవాళ్ళు డాక్టరును అడగకుండా ముట్టకూడదు. పిత్తనాళం మూసుకుపోయి కామెర్లున్నవాళ్ళు అసలే వద్దు.

ఐబీఎస్‌కు వాడేది టీ కాదు, పేగులోకి వెళ్ళాకే కరిగే పూత ఉన్న క్యాప్సూల్. అమెరికా జీర్ణకోశ వైద్యుల సంఘం 2021 మార్గదర్శకాల్లో దీన్ని సూచించింది, ఆధారం అంత బలమైనది కాదని అందులోనే చెప్పింది. క్యాప్సూల్‌కు 0.2 మిల్లీలీటర్ల నూనె, భోజనానికి అరగంట నుంచి గంట ముందు, నమలకుండా మింగాలి. గ్యాసు మందు దానితో కలిపి వేసుకుంటే పూత కడుపులోనే కరిగి మంట పెడుతుంది. డాక్టరు చెప్పినన్ని వారాలే. సీసాలో నూనె చుక్కలు చక్కెర మీద వేసి మింగడం దీనికి ప్రత్యామ్నాయం కాదు, ఎందుకంటే అది పేగుదాకా వెళ్ళదు, దారిలోనే కడుపులో పనిచేసి మంట మిగులుస్తుంది.

నూనె సీసా కొనేటప్పుడు ముందువైపు బొమ్మ చూడకండి, వెనకవైపు చిన్నక్షరాలు చదవండి. మెంథా పైపెరిటా అని ఉందా, మెంథా ఆర్వెన్సిస్ అని ఉందా? మన దేశంలో పిప్పరమెంటు నూనె పేరుతో తిరిగేదాంట్లో చాలా భాగం ఆర్వెన్సిస్ నూనె, అదీ మెంథాల్ స్ఫటికాలు తీసేశాక మిగిలినది. మొక్క పేరే లేని సీసా మందుకు పనికిరాదు. పిప్పరమెంటు పువ్వు కొన్నప్పుడు కల్తీ తెలుసుకోవడం తేలిక: చిటికెడు స్టీలు గరిటెలో వేసి వేడినీళ్ళ గిన్నె మీద ఉంచితే కరిగి మొత్తం ఎగిరిపోవాలి, ఏ మరకా మిగలకూడదు. మంట మీద మాత్రం పెట్టకండి, అంటుకుంటుంది. మెంథాల్ సుమారు 42 డిగ్రీలకు కరుగుతుంది కాబట్టి మే నెలలో మేడమీది గదిలో సీసా తనంత తానే నీరైతే చెడిపోయిందనుకోనక్కర్లేదు. దానితో వాము పువ్వు, కర్పూరం కలిస్తే చల్లగా ఉన్నా నీరవుతుంది. అమృతధార అనే చుక్కల మందు అలా తయారవుతుంది. 1920 నుంచి మన ఊళ్ళో తయారవుతున్న జిందా తిలిస్మాత్‌లోనూ మెంథాల్ ఒక దినుసు. ఇలాంటివి వాడుతూ పైనుంచి విడి నూనె చుక్కలు చేర్చకండి, మోతాదు లెక్క తప్పుతుంది.

కండరాల నొప్పికి మర్దన చేయాలంటే 10 మిల్లీలీటర్ల నువ్వుల నూనెలో ఆరు చుక్కలు కలిపితే సుమారు రెండు శాతం, అంతకుమించి అక్కర్లేదు. ముందు ముంజేతి లోపలివైపు చిన్న బిళ్ళంత రాసి ఒకరోజు చూడండి. టెన్షన్ తలనొప్పికి జర్మనీలో 1996లో పరీక్షించింది పది శాతం పిప్పరమెంటు నూనెను ఆల్కహాలులో కలిపిన ద్రావణం. నుదుటికీ కణతలకూ రాస్తే 1000 మిల్లీగ్రాముల పారాసిటమాల్‌కు సాటిగా పనిచేసింది. పాల్గొన్నవాళ్ళంతా పెద్దవాళ్ళు. ఇంట్లో స్పిరిట్‌లో కలపకుండా ఆ బలం రాసి ఉన్న తయారీ మందునే కొనండి, కంటికి దూరంగా రాయండి, చేతులు సబ్బుతో కడగండి.

జలుబుకు ఆవిరి పట్టినప్పుడు ముక్కు తెరుచుకున్నట్టు అనిపిస్తుంది. కొలిచి చూస్తే ముక్కులో గాలి దారి పెరగదు; మెంథాల్ తట్టిన ఆ చల్లదనపు గ్రాహకమే గాలి బాగా ఆడుతోందని చెబుతుంది. పెద్దవాళ్ళకు ఆ హాయి చాలు. ఆయాసపడే పిల్లవాడికి, ఉబ్బసం ఉన్నవాళ్ళకు అదే మోసం. తేలికైందనుకుని ఆసుపత్రికి వెళ్ళడం ఆలస్యం చేస్తారు. మరిగే గిన్నె మీద పిల్లల్ని వంచి దుప్పటి కప్పడం వల్ల కాలిన గాయాలు అదనం.

రెండేళ్ళలోపు పిల్లల ముక్కుకు, పెదవులకు, ఛాతీకి పిప్పరమెంటు నూనెగానీ మెంథాల్ ఉన్న లేపనంగానీ రాయకూడదు. స్వరపేటిక ఒక్కసారిగా బిగుసుకుని ఊపిరి ఆగిపోవచ్చు. చేతిరుమాలు మీద చుక్క వేసి పాపాయి దిండు పక్కన పెట్టడం కూడా వద్దు. నాలుగేళ్ళలోపు పిల్లలకు ఆకు టీ వద్దు, ఎనిమిదేళ్ళలోపు వాళ్ళకు నూనె క్యాప్సూల్ వద్దు. గర్భిణులకు చట్నీలో పుదీనా ఇబ్బంది కాదు, నూనె మాత్రం డాక్టరు చెప్పకుండా వద్దు. వాంతులు, విరేచనాలు అవుతున్నవాళ్ళకు ముందు ఓఆర్ఎస్ పట్టించండి, పుదీనా దాని తర్వాతే. మలంలో రక్తం, తగ్గని జ్వరం, పొట్ట కుడివైపు కింద గట్టిగా నొప్పి ఉంటే ఏ ఆకూ వద్దు, డాక్టరు దగ్గరికే.

ఈ పేజీ చూసే మీ విలేఖరులకు ఒక విన్నపం. మొక్క శాస్త్రీయ నామం తెలుగు అక్షరాల్లో, వాడేది ఆకా నూనెనా, గ్రాముల్లో మోతాదు, ఎవరు వాడకూడదు అన్న నాలుగూ లేని చిట్కాను ఆపండి. అనుమానం తీర్చుకోవడానికి దూరం పోనక్కర్లేదు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్ర విభాగం ఉంది. బోడుప్పల్‌లో సీమ్యాప్ (కేంద్ర ఔషధ, సుగంధ మొక్కల సంస్థ) పరిశోధన కేంద్రం ఉంది; లక్నోలోని వాళ్ళ ప్రధాన సంస్థే మన దేశపు పుదీనా రకాలెన్నిటినో రూపొందించింది.

పాఠకులు తమ మొక్కను ఎవరికైనా చూపించి పేరు చెప్పించుకోవాలంటే నాలుగు ఆకులు కవరులో వేసి తీసుకెళ్తే చాలదు. అడుగు పొడవు కొమ్మ, వీలైతే నేలలో పాకిన పిలక ముక్కతో సహా కోసి, ఒక ఆకు అడుగువైపు పైకి కనిపించేలా తిప్పి, పాత న్యూస్‌పేపర్ల మధ్య పరిచి బరువు పెట్టండి. కాగితాలు రోజూ మారుస్తూ వారం ఉంచండి. కోసిన తేదీ, చోటు, పచ్చిగా ఉన్నప్పటి కాండం రంగు, నమిలితే చలువ తెలిసిందా లేదా అన్నది ఆ రోజే చీటీ మీద రాసి పక్కన పెట్టండి. ఎండిన కొమ్మలో రంగూ వాసనా మారిపోతాయి, చూసేవాళ్ళకు ఆ చీటీయే ఆధారం.

ఇట్లు,
ఔషధ మొక్కల పెంపకందారులు,
హబ్సిగూడ, హైదరాబాద్